పాదరసం కింద దొరికినవి

ఎర్రవంక, ఆదోని తాలూకా
3 మార్చి 1958

మద్దిలేటీ,

దీవెనలు. నేను బాగున్నానని మీ అమ్మకు చెప్పు. తన అన్న మాట ఆమె ఎప్పుడూ నమ్మలేదు, అయినా చెప్పు.

నిన్ను బి.ఏ. దాకా చదివించమని మీ అమ్మను పోరినప్పుడు నువ్వు వకీలు అవుతావనుకున్నాను. నువ్వు పోయి కర్నూలు వైద్య కళాశాల లైబ్రరీలో పుస్తకాల దుమ్ము దులిపే పనిలో చేరినావు. రాజధాని హైదరాబాదుకు తరలిపోయిన తరువాత ఆ ఊళ్లో మిగిలింది దుమ్మే గదా. సరే, ఆ ఉద్యోగం ఇప్పుడు నాకు అక్కరకు వచ్చింది.

మా ఈరన్నకు నడుం బిగుసుకుపోయింది. ముప్ఫై రెండేళ్ల మగవాడు కింద కూర్చొని అన్నం తినలేడు. గోడకు ఆనుకొని నిలబడి తింటాడు. వెనకనుంచి ఎవరైనా పిలిస్తే బండి తిప్పినట్టు మనిషి మొత్తం తిరగవలసిందే. ఆదోని డాక్టరు ఎక్స్‌రే తీసి, "ఎముకల క్షయ కావచ్చు, రూఢిగా చెప్పలేను, రెండు నెలలు చూసి మళ్లీ రండి" అన్నాడు. ఆయన మర్యాదస్తుడు, తెలియనిది తెలియదన్నాడు. నాకు మాత్రం తెలుసు.

రెండేళ్ల కింద ఈరన్నకు మోకాళ్ల నొప్పులు వచ్చినప్పుడు నేను ఊళ్లో లేను. కోడలు రామేశ్వరమ్మ భయపడి మీ పెదనాన్న సుబ్బయ్య దగ్గర మందు తెచ్చి పెట్టింది. ఎర్రటి పొడి, తేనెలో కలిపి ఒక నెల. అది పాదరసం. సుబ్బయ్య తండ్రి కూడా అదే పొడితో ఊళ్లో సగం మందిని ఊడ్చిపెట్టినాడు.

ఆయన ఎటువంటివాడో నువ్వు మరిచిపోయి ఉంటావు, నీకప్పుడు పలక పట్టే వయసు. నేను హెడ్‌మాస్టరుగా ఉండి హరిజనవాడ పిల్లలను లోపల బెంచీల మీద కూర్చోబెట్టిన ఏడాది, వంక గట్టు మీది ఊరిబావిలో ఆ వాడ మనిషి ఒకడు కడవ ముంచినాడు. సుబ్బయ్య బావి తోడించి, కడిగించి, వాడ వైపు దారికి ముళ్లకంప వేయించినాడు. ఆ రోజునుంచి మా ఇంట్లో ఊరిబావి నీళ్లు ముట్టలేదు. నా చేనులో బండ పగలగొట్టి లోతుగా బావి తవ్వించినాను. ఆ వాడ పన్నెండు ఇళ్లూ మా ఇల్లూ ఆ నీళ్ల మీద బతుకుతున్నాయి. ఊళ్లో అన్ని బావులూ ఎండిన ఏడు కూడా అది ఎండలేదు.

మే నెలలో సబ్ కలెక్టరు జమాబందీకి, ఊరి శిస్తు లెక్కలు చూడడానికి, మా ఊరు వస్తాడు. సుబ్బయ్య విషం అమ్ముతున్నాడని ఆయనకు అర్జీ పెడతాను. నా మాట కాదు, డాక్టర్లు రాసిన మాట కావాలి. పాదరసం తింటే నడుం బిగుస్తుందని ఏ దేశంవాడు ఎక్కడ రాసినాడో వెతికి, తెలుగులో రాసి పంపు.

మిగిలినవారందరూ కులాసా.

మామ
బసవరాజు

•

కర్నూలు
10 మార్చి 1958

మామగారికి మద్దిలేటి నమస్కరించి రాసుకునేది.

ఈరన్న బావ సంగతి చదివి అమ్మ రెండు పూటలు అన్నం ముట్టలేదు. "మా అన్న చెప్పింది తక్కువ, దాచింది ఎక్కువ ఉంటాది" అంటుంది. అలా ఏమీ లేదని నేనే సర్ది చెప్పినాను.

మీరు చెప్పిన పని చేసినాను. కాని అది ఎలా చేస్తారో మీకు చెప్పకపోతే దొరికినదానికి ఎంత విలువ ఇవ్వాలో తెలియదు. ప్రపంచంలోని వైద్య పత్రికల్లో వచ్చే వ్యాసాలన్నిటికీ అమెరికాలో ఒక సూచిక అచ్చు వేస్తారు. ఇటుక రాయంత సంపుటాలు, చీమ తలకాయలంత అక్షరాలు. అందులో వ్యాసం ఉండదు. ఎవరు రాసినారు, ఏ పత్రిక, ఏ ఏడు, ఎన్నో పుట అన్నది మాత్రమే ఉంటుంది. ఒక్కొక్క వ్యాసాన్ని ఒక్కొక్క విషయం పేరు కింద పెడతారు. ఆ పేర్లు మనం అనుకునేవి కావు, వాళ్లు పెట్టుకున్నవి. నడుం నొప్పి అని మనం వెళితే, వెన్నెముక కింద చూడు అంటుంది. అక్కడికి పోతే ఇంకో నాలుగు దారులు చూపిస్తుంది. ఓపిక ఉంటే పోతూనే ఉండవచ్చు.

ఇందులో ఒక చిక్కు ఉంది మామా. పాదరసం పేజీ తెరిస్తే అక్కడ ఉన్నవన్నీ పాదరసం చేసిన పనులే. మీరు ఏ పేజీ తెరవమన్నా ఆ పేజీ మిమ్మల్ని నిజమే అంటుంది. నాకు ఈ పని నేర్పిన మద్రాసు పెద్దమనిషి ఒకాయన, ప్రశ్నలోనే జవాబు పెట్టుకొని లైబ్రరీకి రాకూడదు అనేవారు. బావకు ఏముందో అది మాత్రమే రాయండి, ఎందువల్లనో రాయకండి.

పాదరసం కింద దొరికింది ఇది. చేతులు వణకడం, నోట్లో చొంగ కారడం, చిగుళ్లు నల్లబడి పళ్లు కదలడం, మూత్రపిండాలు చెడడం. నడుం బిగిసిందని ఒక్క వ్యాసం పేరులోనూ లేదు. ఒంట్లో చేరిన పాదరసం పోవడానికి నీళ్లు బాగా తాగించాలని ఒక పాత పాఠ్యపుస్తకంలో ఉంది, అదీ రాస్తున్నాను.

బావకు చేతులు వణుకుతున్నాయా? చొంగ ఉందా? ఇంట్లో ఇంకెవరికైనా ఏదైనా, ఎంత చిన్నదైనా, ఉందా? దయచేసి రాయండి.

మీ మేనల్లుడు

•

ఎర్రవంక
17 మార్చి 1958

మద్దిలేటీ,

నువ్వు అడిగినవాటికి నేను జవాబు చెప్పేవాణ్ణి కాదు. పుస్తకం తెచ్చి ఇవ్వమంటే ఎందుకు చదువుతున్నావు అని అడిగే లైబ్రరీవాణ్ణి నిన్నే చూస్తున్నాను.

ఎంత నేర్పుగా రాసినావురా! సాక్ష్యం పంపుతూనే ఇది సాక్ష్యం కాదేమో అన్నావు. పెదనాన్న రక్తం అలా అనిపిస్తుందిలే. నేను కూడా కొన్ని పుస్తకాలు చదివినవాణ్ణే, రాసినవాడు ఎక్కడ వెనకాడుతున్నాడో నాకు కనిపిస్తుంది. నీ నాలుగు పుటల్లో మూడు పుటలు వెనకాడడమే.

చిగుళ్లు, పళ్లు అని ఉందిగదా. అది చాలు. నువ్వు పంపినదాన్ని చక్కగా తిరగరాసి, కర్నూలు వైద్య కళాశాల లైబ్రరీలోని శ్రీ మద్దిలేటి వెతికి ఇచ్చినట్టు చెప్పి అర్జీకి జతపరచినాను. సుబ్బయ్య తమ్ముడి కొడుకే రాసిన మాట అంటే బలం వేరు.

తాలూకా కచేరీలో ఇచ్చి వస్తుంటే అంగడి దగ్గర సుబ్బయ్య ఎదురైనాడు. "ఏం బావా, నా మీద అర్జీ పెట్టినావంట. నేనిచ్చిందాంట్లో ఎర్ర కావిరాయీ ఇంత కరక్కాయ పొడీ తప్ప ఏముండాదప్పా?" అన్నాడు. "ఏముండాదో సబ్ కలెక్టరుకు చెప్పుకో" అన్నాను. "చెప్తాలే. నీ కొడుకు నడుం మాత్రం నీ అర్జీతో వంగదు" అని నవ్వినాడు. ఆ నవ్వు నీకు తెలియాలని రాస్తున్నాను.

ఈరన్నకు నీళ్ల వైద్యం మొదలుపెట్టినాను. పొద్దున లేచిన దగ్గరనుంచి పడుకునేదాకా మన బావి నీళ్లు చెంబు వెంట చెంబు. వాడు వద్దంటే రామేశ్వరమ్మను పక్కన నిలబెట్టి తాగిస్తున్నాను. చిన్నవాడు, వాడి కొడుకు, మూడేళ్ల గుంటడు, నాయనతో పోటీ పడి తాగుతున్నాడు.

కోసిగి సంబంధంవాళ్లు వచ్చి పోయినారు. ఈరన్న కూతురు మా మహాదేవమ్మను చూసి, చెప్పి పంపుతామన్నారు. చెప్పి పంపలేదు. వాళ్ల సంగతి వదిలెయ్.

బసవరాజు

•

(కార్డు)

కర్నూలు
25 మార్చి 1958

మామగారికి నమస్కారాలు. కవర్లు అయిపోయినాయి, ఆలస్యం కాకూడదని కార్డు రాస్తున్నాను. నా పేరు అర్జీలో పెట్టడం బాగాలేదు, దాని మాట తరువాత. పాదరసం మాట వదిలేసి వెన్నెముక పేరుతో మళ్లీ మొదటినుంచి వెతుకుతున్నాను. చాలా దారులు ఉన్నాయి, ఏది మనదో తేలడం లేదు. కోసిగివాళ్లు ఎందుకు తిరిగిపోయినారని అడిగితే అమ్మ, మహాదేవమ్మ పళ్ల మీద గోధుమ రంగు చారలు ఉన్నాయని, అందుకే నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వుతుందని చెప్పింది. నిజమేనా? అవి ఎప్పటినుంచి? ఆమె సుబ్బయ్య పెదనాన్న మందు ఎప్పుడైనా తిన్నదా? వెంటనే రాయండి. మద్దిలేటి

•

ఎర్రవంక
2 ఏప్రిల్ 1958

మద్దిలేటికి,

నీ కార్డు అందింది. నాకంటే ముందు ఊరందరికీ అందింది. టపా మనిషి దాన్ని అంగట్లో చదివి, అరుగు మీద చదివి, మా గుమ్మంలోకి వచ్చేసరికి కంఠతా పట్టి ఉన్నాడు. "మాదేవమ్మ పండ్లకు ఏమో మందు అడుగుతాండారు సార్ కర్నూలు నుంచి" అని నాకే చెప్పినాడు.

పెళ్లి కావలసిన ఆడపిల్లకు కాలి గోరు విరిగినా ఇంటి గడప దాటి చెప్పుకోరు. ఇది నీకు తెలియదా? నువ్వు ఈ ఊళ్లో పుట్టలేదా? లోపం దాచి పెళ్లి చేద్దామనుకున్నాననే కదా నీ కార్డు చదివిన ప్రతివాడూ అనుకునేది. పిల్ల రెండు రోజులనుంచి తలుపు వేసుకొని కూర్చుంది. రామేశ్వరమ్మ నా ముఖం చూడడం లేదు. సుబ్బయ్య ఇంటివాళ్లు చెప్పి రాయించినారో, నీ బుద్ధే అంతో, నేను తేల్చుకోను. రెండూ ఒకటే.

నా మనవరాలు సుబ్బయ్య మందు ఎన్నడూ తినలేదు. ఆమె ఒక్కతికే ఆ చారలు ఉన్నట్టు రాసినావే, వాడలో పిల్లలకు లేవా? ఆ వాడ హులిగెమ్మ పిల్లలకు లేవా? మా చేను పక్క పిల్లలందరికీ పళ్లు అట్లాగే ఉంటాయి. దాన్ని ఎవరూ జబ్బు అనరు.

ఈరన్నకు నీళ్ల వైద్యం పనిచేయడం లేదు. ఇప్పుడు మెడ కూడా తిరగడం లేదు. చెంబులు పెంచినాను.

నువ్వు ఇక రాయనక్కర లేదు.

బసవరాజు

•

(రిజిస్టర్డు)

కర్నూలు
9 ఏప్రిల్ 1958

మామా,

ముందుగా ఒక్క మాట. ఈ ఉత్తరం చదవడం ఆపి లోపలికి పోయి బావ చేతిలోని చెంబు తీసెయ్యండి. చిన్నవాడి చేతిలోది కూడా. మన బావి నీళ్లు ఇంట్లో ఎవరూ తాగవద్దు. ఆ తరువాత మిగిలింది చదవండి.

కార్డు రాయడం నా తప్పు. మహాదేవమ్మ కాళ్ల మీద పడమన్నా పడతాను. కాని మీరు కోపంలో రాసిన మాట, చేను పక్క పిల్లలందరికీ పళ్లు అలాగే ఉంటాయన్నది, నేను నెల రోజులనుంచి అడుగుతున్న జవాబు. మొదటి ఉత్తరంలో "మిగిలినవారందరూ కులాసా" అన్న మాట కింద మీరు దాచిపెట్టినది అదే.

ఎలా తేలిందో చెబుతాను. వెన్నెముక కింద వందల వ్యాసాలు. పళ్ల చారల కింద ఇంకో వంద. ఒక్కొక్కటిగా చదివితే నా జన్మ చాలదు. అప్పుడు ఒక పని చేసినాను. వెన్నెముక బిగియడం ఒక కాగితం మీద, పళ్ల చారలు ఇంకో కాగితం మీద రాసుకొని, రెండు పేర్ల కిందా కనిపించే వ్యాసాలు ఏవో చూసినాను. చూస్తూ చూస్తూ ఉంటే గుప్పెడు మిగిలినాయి. వాటిలో మన దేశం పేరు ఉన్నవి చూస్తే రెండో మూడో. వాటిలో ఒకటి మా దగ్గర ఉంది. దాని చివర, తాను ఎవరెవరి వ్యాసాలు చదివి రాసినాడో చిన్న అక్షరాల్లో ఇచ్చినాడు. ఆ తోక పట్టుకొని వెనక్కి పోయినాను. ఇరవై ఏళ్ల కింద మన మద్రాసు రాష్ట్రంలోనే, తూర్పున నెల్లూరు జిల్లా మెట్ట తాలూకాల్లో డాక్టర్లు చూసి రాసినది అక్కడ దొరికింది. ఆ సంపుటం మా లైబ్రరీలో లేదు, మద్రాసుకు రాసి నకలు తెప్పించుకున్నాను.

వాళ్లు చూసింది ఇదీ. కొన్ని బావుల నీళ్లలో ఫ్లోరిన్ అనేది ఎక్కువగా ఉంటుంది. బండలోనుంచి ఊరే నీళ్లలో అది చేరుతుంది. రుచి తెలియదు, రంగు తెలియదు. పిల్లలు ఆ నీళ్లతో పెరిగితే వచ్చే పళ్ల మీద చారలు పడతాయి. పెద్దవాళ్లు ఏళ్ల తరబడి తాగితే వెన్నెముక సున్నం కట్టినట్టు గట్టిపడి అతుక్కుపోతుంది. పాదరసం అనే మాట అందులో ఎక్కడా లేదు.

ఇది మన సంగతి అవునో కాదో మీరే తేల్చవచ్చు. బావ ఎక్స్‌రే పలకను పగటి వెలుగుకు ఎత్తి చూడండి. క్షయ అయితే ఎముక తిని పోయినట్టు ఉంటుందట. ఇది అయితే ఎముక మరీ తెల్లగా, మందంగా, అంచులు గరుకుగా ఉంటుందట. రెండోది, బడికి పోయి ఏ పిల్లలు ఏ బావి నీళ్లు తాగుతారో అడిగి, పళ్లు చూడండి.

రెండు బావుల నీళ్లూ వేరు వేరు సీసాల్లో పట్టి, బిరడా బిగించి, పేర్లు రాసి పంపండి. మద్రాసులో పరీక్ష చేయిస్తాను.

చెంబు తీసేసినారా?

మద్దిలేటి

•

ఎర్రవంక
18 ఏప్రిల్ 1958

మద్దిలేటీ,

తీసేసినాను.

పలకను వాకిట్లో ఎండకు ఎత్తి చూసినాను. డాక్టరు చదువు నాకు లేదు గాని, తెలుపు తెలుపే. నా కొడుకు వెన్ను కొత్తగా సున్నం కొట్టిన గోడలాగా ఉంది. ఎక్కడా తిని పోలేదు.

తరువాత బడికి పోయినాను. ఇప్పుడు అక్కడ మీరా హుస్సేన్ పంతులు. ఒకప్పుడు నా దగ్గర చదివినవాడే. "ఏం సార్, పండ్ల డాక్టరైనారా?" అన్నాడు. పిల్లలను వరసగా నిలబెట్టి "నవ్వండ్రా" అన్నాను. ఒక్కడూ నవ్వలేదు. నన్ను చూసి నవ్వే పిల్లలు ఈ ఊళ్లో ఎప్పుడూ లేరు. మీరా హుస్సేన్ నా వెనక నిలబడి నా నడకను అనుకరించి ఉంటాడు, ఉన్నట్టుండి అందరూ ఇకిలించినారు. అప్పుడు చూసినాను.

ఊళ్లో పిల్లల పళ్లు పాలగింజల్లాగా ఉన్నాయి. హరిజనవాడ పిల్లల పళ్లు, మా మహాదేవమ్మ పళ్లు ఎట్లున్నాయో అట్లనే ఉన్నాయి. ఒక్కరూ తప్పిపోలేదు. హులిగెమ్మ చిన్న కూతురు నేను ముఖం చిట్లించడం చూసి, నన్నే ఓదార్చినట్టు చెప్పింది. "మేం మీ బాయోళ్లం గదా సార్, మాకు ఇట్లనే ఉంటాయి."

ఇంటికి వచ్చినాను.

నీళ్లు సీసాల్లో పంపినాను. ఊరిబావి సీసా మీరా హుస్సేన్ పట్టి ఇచ్చినాడు, నేను అక్కడికి పోలేదు.

ఇప్పుడు మేము వంకలో చెలమ తవ్వుకొని ఆ నీళ్లు తాగుతున్నాం. మా ఇల్లూ, పన్నెండు ఇళ్లూ. ఇసుకలో మోచేయి లోతు తోడితే నీళ్లు ఊరుతాయి, ఇంతింత. కడవ నిండేదానికి ఆడవాళ్లు పొద్దంతా కూర్చుంటున్నారు. ఎండలు ముదిరితే అదీ ఎండిపోతుంది.

ఊరిబావి నుంచి తెచ్చుకోమని నువ్వు రాయబోతున్నావని తెలుసు. రాయవద్దు.

మామ

•

కర్నూలు
27 ఏప్రిల్ 1958

మామా,

రాస్తున్నాను.

నీళ్ల పరీక్ష కాగితం మద్రాసునుంచి వచ్చింది. మీ బావి నీళ్లలో ఆ ఫ్లోరిన్ ఉండవలసినదానికి ఎన్నో రెట్లు ఉంది. ఊరిబావి లోతు తక్కువ, వంక ఊట, అందులో భయపడవలసినంత లేదు.

దీనికి మందు ఉందా అని వెతికినాను. ఉందని రాసినవాటిని వేరుగా, లేదని రాసినవాటిని వేరుగా పెట్టుకొని రెండూ చదివినాను. లేనిదాన్ని వెతికేటప్పుడు మనిషికి ఆశ ఎక్కువ, కళ్లకు కావలసిందే కనిపిస్తుంది, అందుకని. మామా, మందు లేదు. గట్టిపడిన ఎముక మళ్లీ వంగదు. నీళ్లు మారిస్తే ఇంతకంటే ముదరకుండా ఉండవచ్చు, నొప్పి కొంత తగ్గవచ్చు. మహాదేవమ్మ చారలు పోవు. నీళ్లలోనుంచి ఆ ఫ్లోరిన్‌ను తీసే ఉపాయాలు కొన్ని దొరికినాయి. కాల్చిన ఎముకల బొగ్గుతో వడకట్టడం లాంటివి. పదమూడు ఇళ్లకు రోజూ చేయగలిగినది ఒక్కటీ లేదు.

మిగిలింది చిన్నవాడు. వాడివి ఇంకా పాలపళ్లు. తరువాత వచ్చే పళ్లు ఇప్పుడు చిగుళ్ల లోపల తయారవుతున్నాయి. వాడి ఎముకలు లేతవి. ఇప్పుడు నీళ్లు మారితే వాడు తప్పించుకుంటాడు. చెలమ ఎండిపోయి మళ్లీ మీరు ఆ బావికే పోతే తప్పించుకోడు.

సుబ్బయ్య పెదనాన్నకు నేను ఉత్తరం రాసినాను. మీ ఇంటి కడవలు ఊరిబావిలో ముంచుకోవచ్చునని, తాను ఎన్నడూ మీ ఇంటిని వద్దనలేదని జవాబు రాసినాడు. మీరు పోకపోవడమే తప్ప ఎవరూ ఆపలేదట. అది నిజమే కదా? ఇరవై ఏళ్ల పంతం ఆ పసివాడి నోట్లో పోయకండి. కోపం వస్తే రానివ్వండి. అమ్మ కూడా ఇదే రాయమంది.

మీకు ఊరిబావికి పోవడం ఇష్టం లేకపోతే చిన్నవాణ్ణి, మహాదేవమ్మనూ ఇక్కడికి పంపండి. మా ఇంట్లో పెంచుతాం.

మద్దిలేటి

•

ఎర్రవంక
14 మే 1958

మద్దిలేటీ,

నీ ఉత్తరానికి ఇంతకాలం జవాబు రాయలేదు. మొదటి నాలుగు రోజులు కోపంతో, తరువాత పనితో.

పంతమని రాసినావు. సుబ్బయ్య మా ఇంటి కడవను ఎన్నడూ వద్దనలేదు. నిజమే. మా ఇంటి ఒక్క కడవనే రానిస్తానన్నాడు కాబట్టే నేను పోలేదు. నా బావి చెడిందని తెలిసిన రోజు మనవణ్ణి చంకనేసుకొని నేను ఊరిబావికి పోతే, నా బావి నమ్ముకున్న పన్నెండు ఇళ్లు ఎక్కడికి పోవాలి? ఆ పిల్లలకు పళ్లు వచ్చే వయసు కాదా? వాళ్లను కర్నూలులో మీ ఇంట్లో పెంచుతావా? పుస్తకాల్లో అన్నీ వెతికినావు గాని ఇది అడగలేదు. సరే, నేనూ నీకు చెప్పలేదు.

అయినా చెలమ ఎండింది. పోయిన సోమవారం హులిగెమ్మ కడవ అడుగున బురద తెచ్చుకొని మా వాకిట్లో దించి, "అయ్యా, మీ బాయి నీళ్లే తాగుతాం లేండి. పండ్లు పోతే పోనీ, పానం పోతాంది" అన్నది. చిన్నవాడు దాహమని ఏడుస్తున్నాడు. రామేశ్వరమ్మ నన్ను అడగకుండా చేదతాడు తీసుకొని బావి దగ్గరికి పోయింది. నేను అడ్డం పోయి చేద లాక్కున్నాను. "అట్లయితే ఏం తాపేది మామా, చెప్పు?" అన్నది. పెళ్లయిన తరువాత ఆమె నాతో గట్టిగా మాట్లాడింది అదే మొదటిసారి.

మరునాడు జమాబందీ. బడి ముందర షామియానా వేసినారు. సబ్ కలెక్టరు కుర్రవాడు, వచ్చినప్పటినుంచి కళ్లద్దాలు తుడుచుకుంటూనే ఉన్నాడు. సుబ్బయ్య మందుల పెట్టె తెచ్చుకొని ముందు వరసలో కూర్చున్నాడు, తయారుగా. నా అర్జీ పేరు చదివినారు. లేచి, "వాపసు తీసుకుంటున్నాను. నా కొడుక్కు జబ్బు చేసింది సుబ్బయ్య మందు కాదు. నా బావి" అని చెప్పి, మద్రాసు కాగితం ఆయన ముందర పెట్టినాను.

సుబ్బయ్య తల ఎత్తినాడు. "ఏం బావా, కర్నూలోడు చెప్పేదాకా తెలీలేదా?" అన్నాడు. షామియానా అంతా నవ్వింది. నవ్వనిచ్చినాను.

"దొరగారూ, నా బావి ఇక మూసేస్తాను. మాకు ఊరిబావి తప్ప దిక్కు లేదు. ఆ బావి ఎవరిదో తమరు ఒకసారి సుబ్బయ్యను అడగండి" అన్నాను.

"ఊరిదే" అన్నాడు సుబ్బయ్య.

"ఊరంటే ఎవరెవరు బావా?"

అప్పుడు నవ్వు ఆగింది. సబ్ కలెక్టరు కళ్లద్దాలు పెట్టుకున్నాడు. అంటరానితనం నేరమని చట్టం వచ్చి మూడేళ్లయింది, ఆయనకు తెలుసు, నాకు తెలుసు, కరణానికి తెలుసు. ఎర్రవంకలో ఎవరూ ఆ మాట పైకి అనలేదు, అంతే. సుబ్బయ్య నా వైపు చూసినాడు. పాదరసం అర్జీ అయితే ఆయన గెలిచేవాడు. దానికి జవాబు తెచ్చుకున్నాడు, దీనికి తెచ్చుకోలేదు. మందుల పెట్టె పక్కకు జరిపి, "ఊరంటే ఊరే. అందరూ" అన్నాడు. సబ్ కలెక్టరు ఆ మాట కరణం చేత రాయించి, సుబ్బయ్య చేత చేవ్రాలు పెట్టించినాడు. కచేరీ అమీనును సాయంత్రం దాకా బావి దగ్గర ఉండమన్నాడు.

ఎండ తగ్గినాక పోయినాము. ముళ్లకంప మీరా హుస్సేన్ పంతులు, నేను పక్కకు లాగినాము. హులిగెమ్మ బావి ఒర దగ్గర నిలబడిపోయింది. "నాకు బయమైతాంది అయ్యా. మీరు ముందు ముంచండి, మీ యెనక నేను ముంచుతా."

"నేను ముందు ముంచితే నా చలవ అంటారు. నువ్వు ముంచు" అన్నాను.

చేద వదిలింది. తాడు జారి గిలక కీచుమన్నది. సుబ్బయ్య గట్టు మీద చేతులు కట్టుకొని నిలబడి ఉన్నాడు. "మెల్లగ వదులు, గిలక అరిగుండాది" అని కసిరినాడు. ఆమె పుట్టి నలభై ఏళ్లయి ఉంటుంది, ఆ మనిషి ఆమెతో మాట్లాడిన మొదటి మాట అదే అనుకుంటాను. ఆమె తరువాత వాడవాళ్లు ముంచినారు. ఆఖరున రామేశ్వరమ్మ ముంచింది.

ఈరన్నకు ఆ నీళ్లు ఇస్తే గోడకు ఆనుకొని తాగి, "మన బాయి నీళ్లే రుచి నాయనా" అన్నాడు. వాడి నడుం అట్లనే ఉంది, అట్లనే ఉంటుంది. నువ్వు రెండు వైపులా చదివి రాసినావు కాబట్టి నమ్ముతున్నాను. మరిచిపోదామన్నా రోజంతా వాడే ఎదురుగా ఉంటాడు. మహాదేవమ్మ తలుపు తీసింది గాని నాతో మాట్లాడదు. నీతోనూ మాట్లాడదు, కాళ్ల మీద పడే పని పెట్టుకోకు. చిన్నవాడు చెంబు నిండా తాగి ఇంకొక చెంబు అడిగినాడు. ఇచ్చినాను.

నా బావి మీద బండలు పరిచి కంప వేయించినాను. దాన్ని తవ్వినందుకు నేను ఎవరికీ సంజాయిషీ చెప్పను. అయినా ఆ వైపు పోలేక చుట్టు తిరిగి పోతున్నాను.

సుబ్బయ్య ఇంటివాళ్లు ఆ పూట ఊరిబావి దగ్గరికి రాలేదు. మరునాడూ రాలేదు. బండి కట్టించి పక్క ఊరినుంచి పీపాతో నీళ్లు తెప్పించుకున్నారు. ఈ పొద్దు వాళ్ల కోడలు కడవ తీసుకొని వచ్చింది. హులిగెమ్మ ముంచుకొని పోయేదాకా పక్కన నిలబడి, తరువాత తాను ముంచుకొని పోయింది. ఎండలు అట్లా ఉన్నాయి.

బసవరాజు